సీసా పేలితే తప్పెవరిది? – న్యాయమూర్తి రోజర్ ట్రేనర్ కథ

పోయిన వేసవిలో మా వంటింట్లో ఒక గాజు మూత పేలింది. కింద పడలేదు, దేనికీ తగల్లేదు. పొయ్యి మీంచి దించిన గిన్నె మూత తీసి అమ్మ గట్టు మీద పెట్టబోతుంటే చేతిలోనే టప్‌మని ముక్కలైంది. అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ గిన్నె కొన్నది ఇంతకుముందు మేమున్న ఊళ్ళో. నాన్నకు బదిలీ అయి ఈ ఊరు వచ్చి అప్పటికి మూడు నెలలే. కొట్టు యజమానికి ఫోన్ చేస్తే, "మీరే ఎక్కడో కొట్టి ఉంటారమ్మా, లేకపోతే తడి బండ మీద పెట్టి ఉంటారు" అన్నాడు. కంపెనీవాళ్ళ జవాబు కూడా ఇంచుమించు అదే. కాదని అమ్మ ఎలా చూపిస్తుంది? ముక్కలు అప్పటికే ఊడ్చి పారేశాం.

మా బాబాయి గుంటూరులో వకీలు. సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "వదినా, ముక్కలు దాచారా?" అని. లేవంటే కాసేపు ఆగి, "సరే లెండి. కాలిఫోర్నియాలో ఒకావిడ విషయంలోనూ పారేశారు. అయినా ఆవిడ గెలిచింది. ఆ కేసు మాకు లా కాలేజీలో పాఠం" అన్నాడు. ఇక మేం ఊరుకుంటామా? అక్క పదకొండో తరగతి, తమ్ముడు తొమ్మిది. మేమిద్దరం సెలవులన్నీ ఆ కేసు వెంటా, అందులో తీర్పు రాసిన ఒక న్యాయమూర్తి వెంటా పడ్డాం. ఆయన పేరు రోజర్ ట్రేనర్. కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టులో 30 ఏళ్ళు పనిచేశారు.

రాష్ట్రానికి సుప్రీంకోర్టు ఏమిటని మాకూ అనుమానం వచ్చింది. మన దేశంలో సుప్రీంకోర్టు ఒక్కటే, అది ఢిల్లీలో ఉంది. రాష్ట్రాలకు ఉన్నవి హైకోర్టులు. జోర్హాట్ నుంచి జామ్‌నగర్‌కు బదిలీ అయినా ఒప్పందాల చట్టం మారదు, నేరాల చట్టం మారదు. మారేవల్లా స్కూలు, నీళ్ళ రుచి, పక్కింటివాళ్ళ భాష. అమెరికాలో అలా కాదు. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంది, సొంత చట్టాలున్నాయి, వాటికి అర్థం చెప్పడంలో చివరి మాట అనదగ్గ సొంత పెద్ద కోర్టు ఉంది. చాలా రాష్ట్రాల్లో దాని పేరే సుప్రీంకోర్టు. (న్యూయార్క్‌లో మాత్రం తిరకాసు. అక్కడ సుప్రీంకోర్టు అనేది కేసు మొదట విచారించే కోర్టు, అన్నిటికంటే పై కోర్టు పేరు అప్పీళ్ళ కోర్టు. ఎందుకలా పెట్టారో గానీ, మేం రెండు రోజులు తికమకపడ్డాం.) అంటే అక్కడ ఒక ఉద్యోగి కాలిఫోర్నియా నుంచి పక్కనే ఉన్న నెవాడాకు మారితే, చేసుకున్న ఒప్పందం మొదలుకొని చేతిలో పగిలిన సీసా దాకా వర్తించే చట్టమే మారిపోవచ్చు. ఒక రాష్ట్రపు కోర్టు చెప్పిన మాటను ఇంకో రాష్ట్రం వినాలనేమీ లేదు. నచ్చితే వింటుంది. ట్రేనర్ కథలో ఇది ముఖ్యం.

ఆయన 1900లో యూటా రాష్ట్రంలో పార్క్ సిటీ అనే గనుల ఊళ్ళో పుట్టారు. చదువుకోడానికి కాలిఫోర్నియా వచ్చి బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరారు. ఒకవైపు రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్, ఇంకోవైపు న్యాయశాస్త్రం. 1927 కల్లా రెండూ పూర్తయ్యాయి. తర్వాత అక్కడే న్యాయశాస్త్రం బోధించారు. ఆయనకు ఇష్టమైన విషయం పన్నులు. 1930లలో కాలిఫోర్నియా పన్నుల వ్యవస్థను తీర్చిదిద్దడంలో ఆయన చెయ్యి ఉంది. పన్నుల పంతులుగారిలో అంత ఆసక్తికరమైన న్యాయమూర్తి ఉంటాడని ఎవరనుకుంటారు! కానీ భారాన్ని ఎవరు మొయ్యాలి, దాన్ని ఎంతమందికి పంచవచ్చు అనేది పన్నుల లెక్కే కదా. సీసా కేసులో ఆయన వాడింది ఆ లెక్కనే అని మాకనిపించింది.

1940లో గవర్నర్ ఓల్సన్ ఆ కోర్టుకు మొదట సూచించిన పేరు ట్రేనర్‌ది కాదు, బర్క్‌లీలోనే పనిచేసే మాక్స్ రాడిన్ అనే ప్రొఫెసర్‌ది. అర్హతలు పరిశీలించే సంఘం ఆయన్ను ఒప్పుకోలేదు. అప్పుడు ట్రేనర్ పేరు వచ్చింది. అంతకుముందు ఆయన ఏ కోర్టులోనూ జడ్జిగా కూర్చోలేదు. నియామకంతో పని అయిపోలేదు కూడా. కాలిఫోర్నియాలో ఈ న్యాయమూర్తుల పేర్లు ఎన్నికల్లో ఓటర్ల ముందుకు వస్తాయి. పోటీ ఉండదు. ఈయన కొనసాగాలా, వద్దా అని మాత్రమే అడుగుతారు. ఇది పేరుకే అనుకోకండి. 1986లో ఓటర్లు అక్కడి ప్రధాన న్యాయమూర్తితో సహా ముగ్గుర్ని ఇంటికి పంపేశారు. జడ్జి పేరు బ్యాలెట్ మీద ఉండటం మంచిదా చెడ్డదా అని మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. మంచిదే అంది అక్క. ఓట్ల భయంతో తీర్పులు రాస్తారన్నాడు తమ్ముడు. నాన్న ఎవరివైపూ మాట్లాడలేదు.

ఇక సీసా సంగతి. ఆమె ఒక హోటల్లో వెయిట్రెస్. ఫ్రెస్నో పట్టణపు కోకాకోలా బాట్లింగ్ కంపెనీ డ్రైవరు సీసాల పెట్టెలు తెచ్చి కౌంటర్ వెనక ఒకదాని మీద ఒకటి పేర్చి వెళ్ళాడు. 36 గంటలకు పైగా అవి కదపకుండా అక్కడే ఉన్నాయి. తర్వాత ఆమె పై పెట్టె తీసి పక్కన పెట్టుకుని, సీసాలు ఒక్కొక్కటే ఫ్రిజ్‌లో సర్దుతోంది. మూడు పెట్టింది. నాలుగోది చేతిలో ఉండగా పేలింది. రెండు ముక్కలైన ఆ సీసా అరచేతిని ఐదంగుళాల పొడవున కోసేసింది. రక్తనాళాలు, నరాలు, కండ తెగిపోయాయి. ముక్కల్ని హోటల్లో పనివాళ్ళు పారేశారు. కోర్టులో చూపించడానికి సీసా లేదు.

గోలీసోడా రోజులు తెలిసినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. సోడా కొట్టేవాళ్ళు సీసాల్ని ఇనప పెట్టెలో పెట్టి తిప్పేది అందుకేనట, గాస్ పట్టేటప్పుడు పగిలితే ముక్కలు మీదికి రాకుండా. ఈ సంగతి మా తాతయ్య చెప్పాడు. ఊళ్ళో సోడా పేలితే కొట్టతను ఎదురుగానే ఉంటాడు, అడగొచ్చు, పోట్లాడొచ్చు. ఎక్కడో ఫ్యాక్టరీలో నింపి మూత బిగించి లారీలో పంపిన సీసా విషయంలో ఎవర్ని అడగాలి?

అప్పటి చట్టం ప్రకారం కంపెనీ నిర్లక్ష్యం చేసిందని దెబ్బ తగిలిన మనిషే చూపించాలి. ఆ హోటల్ పిల్లకి ఫ్యాక్టరీలో ఏం జరిగిందో ఏం తెలుస్తుంది? 1944లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆమెకే అనుకూలంగా తీర్పిచ్చింది. మెజారిటీ న్యాయమూర్తులు ఒక పాత సూత్రాన్ని సాయం తీసుకున్నారు. సరిగ్గా నింపిన మంచి సీసా ఊరికే పేలదు, తర్వాత ఎవరూ దాన్ని పాడుచెయ్యలేదని తేలితే, కంపెనీ దగ్గరే ఏదో పొరపాటు జరిగిందని ఊహించవచ్చు అన్నారు. కంపెనీ కావాలంటే ఆ ఊహను ఖండించుకోవచ్చు.

ట్రేనర్‌కు ఫలితం నచ్చింది, కారణం నచ్చలేదు. ఆయన విడిగా ఒక అభిప్రాయం రాశారు. అందులో మిగతా న్యాయమూర్తులెవరూ ఆయనతో చేరలేదు. ఆయన వాదన మాకు అర్థమైనంతలో ఇది. పొరపాటు జరిగిందని ఊహిస్తున్నామని చెబుతూ, లోపల మాత్రం కంపెనీనే బాధ్యురాలిని చేస్తున్నాం. అయితే ఆ మాట సూటిగానే చెప్పొచ్చు కదా? లోపమున్న వస్తువును బజారుకు పంపినవాళ్ళు, ఎంత జాగ్రత్త తీసుకున్నా సరే, దానివల్ల కలిగిన గాయానికి బాధ్యులు. ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టి ఆపగలిగింది వాళ్ళే, కొన్నవాళ్ళు కాదు. పూర్వం కొనేవాడు కుమ్మరి దగ్గర కుండను వాయించి చూసుకుని కొన్నట్టు (ఈ పోలిక మాది, ఆయనది కాదు) ఇప్పుడు చూసుకోవడం కుదరదు. పేరు చూసి, ప్రకటన చూసి, నమ్మి కొంటున్నారు. ఇక ఖర్చు మాట. లక్ష సీసాల్లో ఒకటి పేలుతుందనుకోండి. ఆ గాయం ఖర్చంతా ఒక్క మనిషి మీద పడితే ఆమె బతుకే తలకిందులవుతుంది. అదే కంపెనీ బీమా చేసి, సీసాకి కొద్దిపాటి ధర పెంచితే, కొనేవాళ్ళందరూ తలా కాస్త మోస్తారు, ఎవరికీ బరువనిపించదు. ఇది పన్నుల పంతులుగారి లెక్క అని మేమన్నది ఇందుకే.

విడిగా రాసిన అభిప్రాయం చట్టం కాదు. తీర్పుల పుస్తకంలో అచ్చవుతుంది, అంతే. అలా అది 18 ఏళ్ళకు పైగా ఉండిపోయింది. లా కాలేజీల్లో చదివారు, ప్రొఫెసర్లు చర్చించారు, మరికొన్ని కోర్టులు మెల్లగా ఆ దారికి వచ్చాయి.

ఈలోగా ఇంకో సంఘటన. ఒకతనికి భార్య క్రిస్మస్‌కు ఒక యంత్రం కొనిచ్చింది. కర్ర కోసే రంపం, బెజ్జాలు వేసే డ్రిల్, కర్రను తిప్పి చెక్కే తరిమెన, మూడూ ఒకటే. అతను దాని మీద ఒక దుంగను చెక్కుతుండగా అది ఊడి ఎగిరి నుదుటికి తగిలింది. యంత్రం భాగాల్ని పట్టి ఉంచే స్క్రూలు చాలనివని తేలింది. హామీ తప్పారని ఫిర్యాదు చెయ్యాలంటే తగినంత త్వరగా చెప్పాలి కదా, పదిన్నర నెలలు ఆగావు, కాబట్టి కుదరదు అంది తయారుచేసిన కంపెనీ. 1963 జనవరి 24న తీర్పు వచ్చింది. రాసింది ట్రేనరే. ఈసారి ఆయన ఒంటరి కాదు, కోర్టంతా ఆయన వెంట ఉంది. లోపమున్న వస్తువు గాయం చేస్తే నిర్లక్ష్యం నిరూపించనక్కర్లేదు, హామీ కాగితం గొడవా అక్కర్లేదు అని తేల్చారు. తర్వాతి ఏళ్ళలో ఒకదాని తర్వాత ఒకటిగా మిగతా రాష్ట్రాల్లో చాలావరకు ఆ సూత్రాన్ని తీసుకున్నాయి. వాటిని ఎవరూ ఆజ్ఞాపించలేదు.

సీసా ఒక్కటే అయితే ట్రేనర్ పేరు వాణిజ్య చట్టాల పుస్తకాల్లోనే ఉండిపోయేది. 1948లో ఇంకో కేసు వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్న ఒక అమ్మాయి, ఒక నల్లజాతి యువకుడు పెళ్ళి లైసెన్సు అడిగితే గుమాస్తా ఇవ్వనన్నాడు. తెల్లవాళ్ళు నల్లవాళ్ళను గానీ, చట్టంలో పేర్కొన్న మరికొన్ని జాతులవాళ్ళను గానీ పెళ్ళాడకూడదని ఆ రాష్ట్రంలో చట్టం ఉండేది. మెక్సికన్ మూలాలవాళ్ళను చట్టం తెల్లవాళ్ళ లెక్కలోనే వేసేది. ఈ చట్టం మనవాళ్ళనూ తాకింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబ్ నుంచి వెళ్ళి కాలిఫోర్నియా పొలాల్లో స్థిరపడిన చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్ళి చేసుకున్నారు. చట్టంలో హిందుస్థానీ అన్న మాట లేదు. అందుకని గుమాస్తా ఇద్దరి చర్మం రంగూ పోల్చి చూసి, దగ్గరగా ఉందనిపిస్తే లైసెన్సు ఇచ్చేవాడు. అతని కంటిచూపే చట్టం!

ఆ చట్టం చెల్లదని నలుగురు, చెల్లుతుందని ముగ్గురు. నలుగురిలో ప్రధానమైన అభిప్రాయం ట్రేనర్‌ది. మిశ్రమ వంశంలో పుట్టినవాళ్ళను ఏ జాతి కింద లెక్కెయ్యాలో చట్టమే చెప్పలేకపోతోందని ఆయన చూపించారు. అంతకంటే మాకు బాగా గుర్తుండిపోయింది రైలు పోలిక. జాతుల్ని వేరువేరు పెట్టెల్లో కూర్చోబెట్టినా సమానమేనని ఆ రోజుల్లో వాదించేవారు. ఆ వాదన తప్పని ఇప్పుడు మనకు తెలుసు. దాన్ని పక్కనపెట్టి చూసినా, ఒక రైలుకు బదులు ఇంకో రైలు ఎక్కించవచ్చేమో గానీ, పెళ్ళాడాలనుకున్న మనిషికి బదులు ఇంకో మనిషిని చూసుకో అనడం కుదరదు అన్నది ట్రేనర్ మాటల సారాంశం. అప్పటికి అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు వాటన్నిటినీ కొట్టేసింది 1967లో, అంటే 19 ఏళ్ళ తర్వాత.

ఆయనకు అన్నీ మొదటే తట్టాయనుకోకండి. 1942లో ఆయన రాసిన ఒక తీర్పులో, పోలీసులు చట్టవిరుద్ధంగా సోదా చేసి తెచ్చిన సాక్ష్యాన్ని కూడా కోర్టు చూడవచ్చు అన్నారు. 1955లో ఇంకో కేసు వచ్చింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు పందేలు కాస్తున్నారన్న అనుమానంతో ఒక ఇంట్లోకి దొంగచాటుగా వెళ్ళి మైకులు దాచిపెట్టారు. ఏళ్ళ తరబడి చూశాక ట్రేనర్‌కు ఒక సంగతి అర్థమైంది. అలాంటి సాక్ష్యాన్ని ఒప్పుకుంటూ పోతే పోలీసులు చట్టాన్ని లెక్కచెయ్యనక్కర్లేదు, కోర్టు కూడా ఆ పాపంలో పాలు పంచుకున్నట్టే. తన పాత మాటను తానే కొట్టేస్తూ, అలాంటి సాక్ష్యం పనికిరాదని తీర్పు రాశారు. పరీక్షలో రాసిన జవాబు తప్పని తర్వాత తెలిసినా మేం టీచర్‌కి చెప్పం. ఈయన రాష్ట్రమంతా చూస్తుండగా చెప్పారు. (మన దేశంలో ఈ నియమం లేదు. సోదా సక్రమంగా జరగకపోయినా, సాక్ష్యం కేసుకు సంబంధించినదైతే మన కోర్టులు సాధారణంగా చూస్తాయి.)

ఇక్కడికి వచ్చేసరికి బాబాయి, "మరి మన రాజమండ్రి ఆయన సంగతి?" అన్నాడు. కోకా సుబ్బారావు గారు. 1902లో రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ట్రేనర్ యంత్రం తీర్పుకు ఐదు వారాల పైచిలుకు ముందు, 1962 డిసెంబరు 18న, ఢిల్లీలో ఒక కేసు తేలింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడిచిపెట్టిన ఒక మనిషి ఇంటికి పోలీసులు రాత్రిపూట వచ్చి తలుపు కొట్టి లేపేవారు, ఎక్కడికి వెళ్ళినా కాపు కాసేవారు. ఆరుగురు న్యాయమూర్తులూ రాత్రి సందర్శనలు తప్పన్నారు. కానీ ఒకరి ఆంతరంగిక జీవితం ఒకరు చూడకుండా ఉండే హక్కు, అంటే గోప్యత హక్కు, మన రాజ్యాంగంలో లేదని, వెంట తిరిగి కాపు కాయడం తప్పు కాదని మెజారిటీ అంది. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. అది మనిషి స్వేచ్ఛలో భాగమేనని, నీడలా వెంట తిరిగే నిఘా ఉంటే స్వేచ్ఛ ఎక్కడిదని విడిగా రాశారు. జస్టిస్ షా ఒక్కరే ఆయనతో చేరారు. 2017 ఆగస్టులో, జస్టిస్ పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా సుబ్బారావు గారి దారే సరైనదన్నారు. అప్పటికి 54 ఏళ్ళు దాటాయి, ఆయన పోయి కూడా చాలా కాలమైంది. ట్రేనర్ అదృష్టవంతుడు, తన మాట చట్టమవడం కళ్ళారా చూశారు. 1964లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1970లో పదవీ విరమణ చేసి మళ్ళీ పాఠాలు చెప్పడానికే వెళ్ళారు, 1983లో బర్క్‌లీలో కన్నుమూశారు.

మరి అమ్మ చెయ్యి? మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 2019లో కొత్తగా వచ్చింది, 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. అందులో వస్తువుల లోపాలకు తయారీదారుల బాధ్యత మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. తయారీలో లోపమున్నా, డిజైన్‌లో లోపమున్నా, వాడే విధానం గురించి, ప్రమాదం గురించి తగినన్ని సూచనలు ఇవ్వకపోయినా తయారీదారును అడగవచ్చు. మనం తప్పుగా వాడినా, వస్తువును మార్చినా మాత్రం కుదరదు. బదిలీల మీద బతికే మనలాంటి ఇళ్ళకు ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఉంది. పాత చట్టం ప్రకారం, కంపెనీకి ఆఫీసు గానీ బ్రాంచి గానీ ఉన్న చోటో, ఆ వ్యవహారం జరిగిన చోటో ఫిర్యాదు వెయ్యాలి. ఇప్పుడు మనం ఉంటున్న ఊళ్ళోనే, మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వెయ్యవచ్చు. కొన్న ఊరికి మళ్ళీ రైలెక్కి వెళ్ళనక్కర్లేదు. గడువు రెండేళ్ళు.

బిల్లు పాత క్వార్టర్స్‌లోనే ఎక్కడో పోయింది. నాన్న ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు దొరికింది, ఆసుపత్రి చీటీ ఉంది. మూత మీద అంటించిన కాగితాన్ని అమ్మ చూసిందేమోనని బాబాయి మూడుసార్లు అడిగాడు. అందులో వేడి గురించి హెచ్చరిక ఏమైనా ఉందా అని ఆయన అనుమానం. అమ్మకు గుర్తు లేదు. బాబాయి రాసిచ్చిన నోటీసు పోయిన నెల కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపాం. జవాబు ఇంకా రాలేదు. అదే గిన్నె, అదే మోడల్ మూత పక్క క్వార్టర్స్ ఆంటీ ఇంట్లో ఉందని తెలిసి, తమ్ముడు వెళ్ళి దాని ఫొటోలు తీసుకొచ్చాడు. కాగితం ఇంకా ఊడలేదు.